మా అన్న పనిచేయని ఎయిర్‌పోర్టు

జగిత్యాలలో నాకొక ఫ్లెక్సీల దుకాణం ఉంది. మొదటి పుట్టినరోజు చేసుకునే పసివాళ్లనూ, గెలిచిన వార్డు మెంబర్లనూ, పోయిన పెద్దలనూ ఒకే మిషన్ మీద ఒకే సిరాతో అచ్చువేస్తాను. సంతోషానికి ఒక డబ్బా, దుఃఖానికి ఒక డబ్బా అని సిరా కంపెనీ వాళ్లు వేరుచేసి పంపరు. మొన్న ఎండాకాలంలో మా అన్న రాజేశం పోయినప్పుడు ఆ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కూడా నేనే చేయాల్సి వచ్చింది. పేరు కింద ఏం పెట్టమంటారని అడిగితే ఇంటి ముందు కూర్చున్న వాళ్లందరిదీ ఒకటే మాట. "గదేం అడుగుడు? ఎయిర్‌పోర్టు రాజేశమని పెట్టు. గట్ల పెట్టకుంటె ఏ రాజేశమో ఎవలకెరుక?" అదే పెట్టాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు, ఆ అబద్ధం నా చేతికి పాత అలవాటే. మా అన్న గల్ఫ్‌లో ఏ ఎయిర్‌పోర్టులోనూ ఒక్కరోజైనా పనిచేయలేదని నాకు ఇరవయ్యేళ్లుగా తెలుసు. ఆ ఎయిర్‌పోర్టును ఆయనకు ఇచ్చింది ఏజెంటు. కట్టింది నేను.

కట్టడమంటే ఇటుకా సిమెంటూ కాదు. అప్పట్లో నేను కోరుట్ల నుంచి రోజూ బస్సులో జగిత్యాల వచ్చి, కరీం భాయ్ అనే ఆయన కంప్యూటర్ సెంటర్‌లో పిల్లలకు టైపింగ్ నేర్పేవాడిని. నాకే సరిగ్గా రాదు కాబట్టి వాళ్లకు ఓపికగా నేర్పేవాడిని. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన (మా దిక్కున గల్ఫ్‌లో ఏ దేశం పోయినా దుబాయే) కరీం భాయ్‌కి ఒక సీడీ ఇచ్చాడు. అది ఫ్లైట్ సిమ్యులేటర్. కంప్యూటర్‌లోనే విమానం నడపొచ్చు, లేపొచ్చు, దించొచ్చు. నేను లేపడం బాగానే నేర్చుకున్నాను, దించడమే రాలేదు. దించడం రాకపోవడానికి నేను చెప్పుకున్న సాకు ఏమిటంటే, దిగే చోటు బాగాలేదని. నిజంగానే బాగుండేది కాదు. పెద్ద పెద్ద నగరాల ఎయిర్‌పోర్టులు తప్ప మిగతావన్నీ ఒక నల్లటి గీత, దాని పక్కన బూడిదరంగు డబ్బాలు. అలాంటి వాటిని అచ్చం అసలువాటిలా కట్టి ఇంటర్నెట్‌లో పెట్టేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారనీ, ఆ పనిని సీనరీ చేయడం అంటారనీ తెలిసినప్పుడు, మా అన్న ఉన్న ఊరి ఎయిర్‌పోర్టును నేను కడతానని కరీం భాయ్‌తో అన్నాను. ఆయన నవ్వి, "శీనూ, సీనరీ జేసేటంత సీను నీకున్నదారా?" అన్నాడు. లేదు. ఉంటే అప్పుడే దించడం నేర్చుకునేవాడిని.

అన్న దుబాయి పోయింది సిరిసిల్ల నుంచి. బాపు చనిపోయాక ఆయన సిరిసిల్లలో సాంచాలు నడిపాడు. ఆ మరమగ్గాల చప్పుడుకు వేసారిన చెవులతో ఇంటికొచ్చి, మేం మెల్లగా మాట్లాడినా "అరువకుండ్రి" అనేవాడు. ఇంట్లో అవ్వ (అమ్మను మేం అవ్వ అనే అంటాం) బీడీలు చేసేది. తునికాకు నానబెట్టి, నీళ్లు ఓడ్చి, తడి గోనెలో చుట్టి పెట్టేది. తెల్లారి చాట ఒళ్లో పెట్టుకొని కూర్చుంటే, రేకు ముక్కను ఆకు మీద ఆనించి కత్తెరతో చుట్టూ కత్తిరిస్తూ, ఆకులో ఈనె ఎటు పోతోందో వేలితోనే చూసుకొని రేకును ఆ వాటానికి తిప్పేది. తంబాకు వాసన మా ఇంట్లో గోడలకూ, దుప్పట్లకూ, చివరికి పెరుగన్నానికీ ఉండేది. బయటి వాళ్లు వచ్చి తుమ్మితే మాకు ఆశ్చర్యంగా ఉండేది. సాంచాల పని సగం రోజులు బందయ్యే కాలం వచ్చింది. ఏజెంటు ఎయిర్‌పోర్టులో పని అన్నాడు. చల్లటి గదుల్లో తుడిచే పని, యూనిఫాం ఇస్తారు, బూట్లు ఇస్తారు అన్నాడు. అన్న కంటే ముందు ఆ మాట వాడకట్టంతా తిరిగింది. అన్న విమానమెక్కిన మర్నాటి నుంచి అవ్వ ఎయిర్‌పోర్టోళ్ల అవ్వ అయింది. బీడీల కార్ఖానాలో కట్టలు అప్పజెప్పే వరుసలో "అవ్వ, నీకింక బీడీలెందుకు, విమానంల కూసుండరాదు" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే, అవ్వ కోపం నటిస్తూ ఎంత మురిసిపోయేదో ఇంటికొచ్చి ఆ మాటను తిరిగి చెప్పే తీరులోనే తెలిసేది.

సీనరీ పని నాకు తప్పుల ద్వారానే వచ్చింది. ముందు ఆకాశం నుంచి తీసిన ఫొటోను నేలగా పరవాలి. దాని మీద రన్‌వే, దారులు గీయాలి. తర్వాత ఒక్కో భవనాన్నీ డబ్బాలుగా చేసి, గోడల ఫొటోలను వాటికి చర్మంలా తొడగాలి. నేను మొదట కట్టిన భవనాలన్నీ నేలకు మూరెడు ఎత్తున తేలాయి. ఎత్తు లెక్క తప్పు ఇచ్చాను. గాలిలో మేడలు కట్టాడని అందరినీ అంటారు కానీ, అక్షరాలా కట్టినవాడిని నేనొక్కడినే. తర్వాత కట్టినవాటికి నీడలు గోడలకు రెండు పక్కలా పడ్డాయి. ఎండలో తీసిన ఫొటోలో నీడ ముందే ఉంటుందని, గోడల ఫొటోలు మబ్బు పట్టిన రోజే తీయాలని ఎక్కడో చలిదేశంలో ఉన్న ఒక పెద్దమనిషి ఇంటర్నెట్‌లో నన్ను మెత్తగా తిట్టి చెప్పాడు. ఇక మబ్బు పడితే చాలు, కరీం భాయ్ కెమెరా పట్టుకొని కోరుట్లలో గోడలకు ఫొటోలు తీస్తూ తిరిగేవాడిని. రైస్‌మిల్లు షట్టరు తుప్పు, గోదాం గోడ మీద చూరునీళ్లు కారిన చారలు, పాత స్కూలు పిట్టగోడ. ఎవరైనా "ఏం పిలగా, గోడకేమన్న సంబంధం జూస్తున్నవా?" అనేవాళ్లు. ఆ రైస్‌మిల్లు షట్టరే గల్ఫ్‌లో సరుకుల గోదాముకు తలుపైంది. దాన్ని చూసి చలిదేశం పెద్దమనిషి, తుప్పు చాలా సహజంగా ఉంది, ఎడారి గాలిని బాగా పట్టుకున్నావు అని మెచ్చుకున్నాడు.

అసలు ఎయిర్‌పోర్టు గోడలు మాత్రం నా దగ్గర లేవు. వాటికి అన్నే దిక్కు. అక్కడ శుక్రవారం సెలవు కాబట్టి, ఆ మాపటికి మా వాడకట్టు చివరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసేవాడు. బూత్ ఆయన కేకేస్తే అవ్వా నేనూ పరిగెత్తేవాళ్లం. అవ్వ మొదట మాట్లాడేది. "తిన్నవా కొడుకా" అంటే ఆయన తిన్నానని, "పని పైలమా" అంటే పైలమేనని అనేవాడు. తర్వాత ఫోన్ నా చేతికి వచ్చేది.

"అన్నా, గా ఎయిర్‌పోర్టు ముందట లైటు కంబాలు ఏ రంగుంటయే?"

"రంగా? కంబం రంగేరా."

"గట్ల గాదన్నా. తెల్లగనా, బూడిద రంగా? పైన ఒక్క లైటా, రెండా?"

"పనిల వడ్డంక తలకాయ ఎత్తి కంబాలు జూస్తమారా? వచ్చే శుక్రారం చెప్త."

వచ్చే శుక్రవారం ఆయనే అందుకున్నాడు. "శీనూ, రాసుకో. కంబాలు బూడిద రంగు. పైన రెండు లైట్లు, కొంగ రెక్కలిచ్చినట్టు. కింద మూరెడు ఎత్తు నల్లపట్టి. కంచె మీద ముండ్లతీగ ఉంటది, మన దిక్కుకు వంగి. ఇంకేం గావాలె?"

నాకు ఇంకా చాలా కావాల్సి వచ్చేది. టవరు అద్దాలు ఏ రంగు, ఏ వేళకు మెరుస్తాయి, కంచె పక్కన చెట్లేమైనా ఉన్నాయా, ఉంటే ఏ చెట్లు. ఈ శుక్రవారం అడిగింది వచ్చే శుక్రవారం వచ్చేది. ఒక వారం తర్వాత వచ్చే జవాబు ఎప్పుడూ తప్పు పోలేదు. నేను వాటిని ఒక్కోటిగా పెట్టుకుంటూ పోయాను. గడ్డి, గేటు, గేటు మీద ఎగిరే జెండా గుడ్డ చివరి చిరుగుతో సహా. అటు పక్క గోడలెట్లుంటాయని అడిగితే మాత్రం, "గా దిక్కు మమ్ముల పోనియ్యర్రా" అన్నాడు. అక్కడే తుడిచేవాడికి అన్ని దిక్కులా దారి ఉండదా అని నాకప్పుడు తోచలేదు.

తోచింది ఒకరోజు సెంటర్‌లో. అప్పటిదాకా కట్టినదాన్ని ఒక్కసారి అన్ని వైపుల నుంచీ చూద్దామని తెర మీద చూపును ఎయిర్‌పోర్టు చుట్టూ తిప్పాను. ఒక్క వైపే ఎయిర్‌పోర్టు ఉంది. రోడ్డు వైపు నుంచి చూస్తే కంబం మీది నల్లపట్టి వరకూ అన్నీ ఉన్నాయి. వెనక్కి తిరిగితే ఉత్త డబ్బాలు, రంగులేని గోడలు. లోపలి నుంచి చూసినవాడు చెప్పగలిగినది ఒక్కటీ లేదు. అన్న చెప్పినవన్నీ సరిగ్గా కుదిరే చోటు కోసం చూపును నేల మీదికి దించి, మనిషి ఎత్తుకు తెచ్చి, కంచె వెంట మెల్లగా జరుపుతూ పోయాను. ఒకచోట అన్నీ ఒక్కటిగా కుదిరాయి. టవరు, జెండా, చెట్ల సందు, నా వైపుకు వంగిన ముళ్లతీగ. అది కంచె బయట, రోడ్డు మలుపు. ఆకాశం నుంచి తీసిన ఫొటోలో అదే మలుపు దగ్గర చిన్న కప్పు, దాని నీడ కనిపించాయి. బస్‌స్టాపు. మా అన్న ప్రతి శుక్రవారం బస్సెక్కి అక్కడికి వచ్చి, కంచె బయట నిలబడి, నా ప్రశ్నలకు జవాబులు చూసుకొని పోతున్నాడు. ఆయన ఎయిర్‌పోర్టులో లేడు. ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో నాకు తెలియదు. అక్కడ లేడని మాత్రం నా చేతులతో నేనే కట్టి మరీ తెలుసుకున్నాను.

ఆ సంగతి నా ఒక్కడి దగ్గరే ఉంచుకునే వీలున్న రోజులైతే బాగుండేది. అప్పటికే సిరిసిల్ల సంబంధం ఖాయమైంది. కనకయ్య మామ నాలుగు సాంచాలు పెట్టుకున్న మనిషి. పెద్ద బిడ్డ సుజాతను మా అన్నకు ఇస్తానన్నాడు. అన్న వచ్చే సెలవులో పెళ్లి. మాట ఇచ్చాడు కానీ మనసులో ఒక మూల నిలకడ లేదు. వాళ్ల వాడలో ఒకరికి ఆఫీసు పని అని పిల్లనిస్తే, అతను ఎడారిలో గొర్ల వెంట తిరుగుతున్నాడని తేలింది. పెళ్లికొడుకు తమ్ముడు ఎయిర్‌పోర్టును కంప్యూటర్‌లో పెట్టాడని ఎవరో ఆయన చెవిన వేశారు. ఒకరోజు బిడ్డనూ వెంటబెట్టుకొని ఏకంగా జగిత్యాల వచ్చి సెంటర్‌లో దిగాడు. వస్తున్నట్టు ముందురోజు కబురొచ్చింది. నేను వెనక వైపు డబ్బాలన్నిటికీ ఆదరాబాదరా గోడలు తొడిగాను. దొరికినవి తొడిగాను. జగిత్యాల బస్‌స్టాండులో పార్సిల్ ఆఫీసు గోడ, దాని ఆకుపచ్చ తలుపుతో సహా.

"నాకు దుబాయి సంగతి ఏం ఎరుక అల్లుడా," అన్నాడు ఆయన కుర్చీ దగ్గరికి లాక్కొని. "పోయినోళ్లు ఈడ ఒకటి జెప్తరు, ఆడ ఒకటి జేస్తరు. బిడ్డనిచ్చేటోన్ని, ఒక్కసారి కండ్లతోటి జూస్తె నిమ్మలం."

చూపును చుట్టూ తిప్పాను. ఆయన తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా చూశాడు. వెనక వైపుకు రాగానే, "ఆపాపు" అన్నాడు. నా గుండె ముందే ఆగింది. "గీ గోడ మీద మరక, గా గోడ మీద మరక ఒక్కతీర్గనే ఉన్నయేందిరా? చీరెల డిజైను తిరిగొచ్చినట్టు?"

"రెండు ఒక్క మేస్త్రే కట్టిండు మామా," అన్నాను.

కరీం భాయ్ దగ్గాడు. కనకయ్య మామ కాసేపు నన్ను చూసి, నవ్వి, "మేస్త్రి జర ఒళ్లు దాసుకున్నడు" అన్నాడు. వెనకాల నిలబడ్డ సుజాత ఒక అడుగు ముందుకేసింది. "ఆయన లోపటికి ఏ తలుపుల నుంచి పోతడు?" అని అడిగింది. నేను పార్సిల్ ఆఫీసు తలుపు చూపించాను. ఆమె దాన్నే చాలాసేపు చూసింది. ఆ సాయంత్రం బస్సెక్కుతూ కనకయ్య మామ, ఇంక ముహూర్తం చూడమని అవ్వతో చెప్పమన్నాడు.

అన్న సెలవు మీద వచ్చాడు. బక్కచిక్కి, సెంటు వాసనతో, అందరికీ సబ్బులు తెచ్చాడు. ఆయన చేతుల చర్మం నాని పొరలు పొరలుగా లేచి ఉంది. అక్కడి నీళ్లు పడలేదని అవ్వకు చెప్పాడు. పెళ్లి పనుల మధ్య ఒకరోజు సెంటర్‌కు తీసుకుపోయి చూపించాను. రోడ్డు వైపు చూసినంతసేపు చిన్నపిల్లవాడిలా వేలు పెట్టి చూపిస్తూ, "గదిగో కంబాలు, గదిగో జెండా, అరె, బస్టాపు గూడ పెట్టినవారా" అన్నాడు. తర్వాత వెనక వైపు వచ్చింది. మా జగిత్యాల బస్‌స్టాండు గోడ. ఆయన ఎన్నోసార్లు ఆనుకొని నిలబడ్డ గోడే. వేలు కిందికి దించాడు. తెర వెలుగులో ఆయన ముఖాన్ని నేను పక్క నుంచి చూస్తున్నాను. "గిట్లనే ఉంటదిరా శీనూ," అన్నాడు. "అచ్చం గిట్లనే." నేను, "అవునా అన్నా, జర అనుమానముండె" అన్నాను. విమానాలతో మొదలుపెట్టిన పని అనుమానంతో నడిచి, ఆ రోజు అభిమానం దగ్గర ఆగిపోయింది. ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా అయిపోయేది. కరీం భాయ్ చాయ్ తెప్పించాడు. తాగి బయటికొచ్చాం.

పెళ్లయి అన్న తిరిగిపోయాక కూడా నేను ప్రశ్నలు ఆపలేదు. కొత్తగా ఏమైనా కట్టారా, గేటుకు రంగు మార్చారా అని ఏదో ఒకటి అడిగేవాడిని. ఆయనా వచ్చే శుక్రవారం చెప్పేవాడు. తర్వాత ఎస్టీడీ బూత్ పోయి సెల్‌ఫోన్లు వచ్చాయి. సెంటర్ మూతపడింది, నేను గోడల ఫొటోల నుంచి మనుషుల ఫొటోలకు మారాను. ఇప్పుడు ఆ పని ఎంత సులువైందో చూస్తే నవ్వొస్తుంది. ఏ ఊరి ఎయిర్‌పోర్టు కావాలన్నా కంప్యూటర్ దానంతటదే పరిచి పెడుతోంది, నాలుగు దిక్కులా, నీడలు కూడా సరైన పక్కకే పడుతూ. రోడ్డు మీద మనిషిని నిలబెట్టి ఒక వారం ఆగే పని లేదు. అన్న వచ్చేసి కథలాపూర్‌లో టిఫిన్ సెంటర్ పెట్టాడు. గిన్నెలు ఎవరినీ తాకనిచ్చేవాడు కాదు. తానే కూర్చొని, మాట్లాడుతూనే, చూడకుండానే, అంత పెద్ద డేగిసాలను క్షణంలో తళతళలాడించేవాడు. "ఎయిర్‌పోర్టుల జేసినోడు గిన్నెలు గడుగుడు గింత మంచిగ ఏడ నేర్సిండో" అని తినడానికొచ్చిన గిరాకీలు నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. నేను ప్లేటు ముందుకు లాక్కొని తినేవాడిని. విమానాశ్రయం కట్టాను గానీ నేను ఈరోజు దాకా విమానం ఎక్కలేదు. ఆయన ఎక్కాడు, దిగాడు. ఆ రెంటి మధ్యలో ఏం జరిగిందో అడగడానికి నాకు ఇరవయ్యేళ్లు సరిపోలేదు.

అన్న దినాలు అయిపోయాక ఒక మధ్యాహ్నం కథలాపూర్ పోయాను. టిఫిన్ సెంటర్ మూసే ఉంది. సుజాత వదిన వెనక వాకిట్లో పీట మీద కూర్చొని ఉంది. మంచినీళ్లిచ్చింది. కొంచెంసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక, నా వైపు చూడకుండా అడిగింది.

"శీనూ, ఒక్కటడుగుత, ఏమనుకోకు. మీ అన్న ఎయిర్‌పోర్టుల జెయ్యలేదని నీకెరుకనా?"

నేను గ్లాసు కింద పెట్టాను. నా ముఖంలో ఆమెకు జవాబు దొరికినట్టుంది.

"నాకు పెండ్లయిన వారానికే చెప్పిండు. లేబర్ క్యాంపు మెస్సుల గిన్నెలు గడుగుతనని. దిగిన్నాడే గా పనిల ఏసిండ్రట. మొదాలు ఏడ్సిన. మా బాపుకు చెప్పనన్న. అత్తమ్మకు చెప్పాల్నా అంటె, వద్దన్నడు. 'అందరి కంటె ముందు శీనుగానికి తెల్వద్దు' అన్నడు. 'వాడు గంత పెద్దది కట్టిండు. గండ్ల నేను లేనని ఎరుకైతె కూలగొడ్తడు' అన్నడు."

లోపల ఎక్కడో ఫ్యాన్ తిరుగుతోంది. ఆమె మాట ఆగలేదు. ఒక శుక్రవారం అటు పక్క గోడలు చూద్దామని దారి లేని చోట ఎండలో కంచె వెంట నడిచి పోయాడట. కాపలా వాళ్లు పట్టుకొని, ఎందుకు తిరుగుతున్నావని పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారట. మా తమ్మునికి గోడ రంగు చెప్పాలని వాళ్లకు ఏ భాషలో చెప్పాలో తెలియక ఊరుకున్నాడట.

"నువ్వు తెల్వకనే అడిగినవా శీనూ?"

"మొదాలు తెల్వకనే. తర్వాత తెలిసే అడిగిన వదినా."

"తెలిసినంక ఎందుకడిగినవ్?"

"ఆపితె నాకు తెలిసిందని అన్నకు ఎరుకైతదని."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆయన గూడ గంతే," అంది. "ఇగ బంద్ జెయ్యరాదు, సెలవునాడన్న ఎండల వడి ఏం పోతవని నేనంటుంటి. చెప్పుడు బంద్ జేస్తె వానికి అనుమానమస్తదనెటోడు."

బస్సు టైమవుతోందని లేచాను. కథలాపూర్ నుంచి కోరుట్ల దాకా కిటికీ పక్కన కూర్చొని వచ్చాను. అన్నకు వారానికి ఒక్కటే సెలవు. ఏ శుక్రవారమైనా మధ్యాహ్నం దాకా దుప్పటి కప్పుకొని పడుకోవలసిన మనిషి. నేను ఒక్క వారం ఏమీ అడగకుండా ఉంటే సరిపోయేది.